మొదటి పేరు

మా రీసెర్చ్ గదిలో అందరికంటే ముందు చేరిన పెద్దక్క మెడలోంచి గుర్తింపు కార్డు తీసుకున్న రోజున మేం నలుగురం అదే గదిలో ఉన్నాం. ఉన్నామంటే, ఉన్నామంతే.

సెక్యూరిటీ బాబాయ్ గుమ్మంలో నిలబడి, "అమ్మా, కార్డు తీసుకోమన్నారు. పైనుంచి చెప్పారు, నన్నేమీ అనుకోకు" అన్నాడు. అక్క తాడు తీసి అతని చేతిలో పెట్టింది. నాలుగేళ్ళ పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుంది. మేం కంప్యూటర్లలోకి తలలు దూర్చేసి, ఏదో కొంపలు మునిగే పని ఉన్నట్టు మీటలు నొక్కుతూ కూర్చున్నాం. నేనైతే ఖాళీ పేజీలో ఒకే అక్షరం కొడుతున్నాను. ఇది సిగ్గు విడిచి చెబుతున్నాను. ఈ కథ వింటున్న మీలో కూడా అలా కొట్టినవాళ్ళు ఉండే ఉంటారు.

అక్క చేసిన నేరమేమిటంటారా? లెక్కలనగానే బెదిరిపోకండి, ఇది అందరికీ అర్థమయ్యేదే. మాది కంప్యూటర్ సైన్సే గానీ మేం యంత్రాల జోలికి పోం. ఫలానా పద్ధతి ఎప్పుడూ తప్పదని కాగితం మీద నిరూపించడం మా పని. చుక్కలూ గీతలతో ఎలాంటి వల గీసినా సరే, తక్కువ గీతలు తెంపి దాన్ని రెండు సమాన భాగాలు చేసే పద్ధతి ఒకటి మా పెద్దసారు ఎప్పుడో కనిపెట్టాడు. జవాబులో తప్పు ఒక హద్దు దాటదని నిరూపించాడు. ఆ నిరూపణ చూసే పెద్ద ప్రాజెక్టు వచ్చింది. ఆ ప్రాజెక్టులోంచే మా అయిదుగురి పీహెచ్‌డీ స్కాలర్‌షిప్పులూ వచ్చాయి.

అక్క బోర్డు మీద పన్నెండు చుక్కల వల గీసింది. అందులో సారు పద్ధతి హద్దు దాటిపోయింది. నిరూపణలో మూడో మెట్టు దగ్గర "ఇది స్పష్టమే" అని రాసి ఉంది, వివరం లేదు. మా విద్యలో అబద్ధాలు కాపురం పెట్టేది ఆ మాట కిందే. మేం అయిదుగురం ఏళ్ళ తరబడి ఆ మెట్టు ఎక్కిపోయాం. సారు నిరూపించాడు కదా అని ఒక్కరం కిందికి చూడలేదు.

"ఆ బొమ్మ చెరిపెయ్" అన్నాడు సారు. అక్క చెరపలేదు. ఆరు నెలలకోసారి ఆయన "పురోగతి బాగుంది" అని సంతకం పెడితేనే స్కాలర్‌షిప్ నడుస్తుంది. ఈసారి అక్క కాగితం మీద "బాగోలేదు" అని రాశాడు. ఆ రెండో రోజే బాబాయ్ వచ్చాడు.

తర్వాత సారు మమ్మల్ని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచాడు. నన్ను కూర్చోబెట్టి, మెత్తగా, "ఆ మూడో మెట్టు నువ్వు బాగుచేసి పెట్టు. మిగతా ముగ్గురూ ఒప్పుకున్నారు. నువ్వొక్కదానివే మొండికేస్తే నీ సంతకం సంగతి నాకు తెలీదు" అన్నాడు.

మా అమ్మ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. ఆవిరికి ఆమె వేళ్ళ చివర్లు తెల్లగా నానిపోయి ఉంటాయి. ఈ స్కాలర్‌షిప్ రాకముందు నాకూ అక్కడ పని మాట్లాడి పెట్టింది. ఇది పోతే నా చోటు ఆ బాయిలర్ పక్కనే.

"సరే సార్" అన్నాను. ఛీ, అన్నాను!

వారం రోజులు ఆ మెట్టుతో కుస్తీ పట్టాను. బాగుపడదు. పన్నెండు చుక్కలూ బోర్డు మీంచి నన్నే చూస్తున్నాయి. బోర్డు మూల అక్క రాసిన "చెరపొద్దు" అలాగే ఉంది. ఆ మాట ఉంటే ఎవరూ తుడవకూడదు, అది మా గది కట్టడి.

ఊడ్చే అత్త చీపురు పట్టుకుని వచ్చింది. "మీ సారు దీన్ని తుడిచెయ్యమన్నాడే. మీరు చెప్తే తుడుస్తానన్నాను. తుడవనా?"

నేను మిగతావాళ్ళ వైపు చూశాను. ఎదురు బల్ల దగ్గర సణుగుడు గొణిగాడు. ఆ మనిషికి అన్నం తింటున్నా సణుగుడే, అందుకే ఆ పేరు. "ఆయనతో మనకెందుకత్తా. నన్ను గదిలోకి పిలిచి, మిగతా ముగ్గురూ ఒప్పుకున్నారు, నువ్వొక్కడివే అన్నాడు."

"నాతోనూ అదే అన్నాడే!" అని, మాలో ఈమధ్యే పెళ్ళయిన కొత్తపెళ్ళికొడుకు లేచాడు. మా నాలుగో మనిషి, పొద్దంతా నోరు విప్పని మూగమ్మ, "నాతో కూడా" అంది.

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వెనకే భయం కూడా ఎక్కింది.

అత్త ఫక్కున నవ్వింది. "ఇంత చదివి ఇదా! మా కాంట్రాక్టరూ ఇంతే. ఒక్కొక్కరినే పిలుస్తాడు. మేం పోతే అందరం పోతాం, లేకపోతే లేదు. చీపుళ్ళు కింద పెట్టి మూడు రోజులు కూర్చున్నాం, తీసేసిన ముగ్గుర్నీ మళ్ళీ పెట్టుకున్నాడు. తుడవనా, వద్దా?"

"వద్దు" అన్నాం నలుగురం.

సాయంత్రం అక్కని బస్‌స్టాప్ షెడ్డు కింద కలిశాం. అక్కను గేటు లోపలికి రానివ్వడం లేదు. సణుగుడు మొదలుపెట్టాడు: "ఇది బయటపెడితే సారుతో పాటు మనమూ కూలిపోతాం. నా థీసిస్ సగం ఆ మెట్టు మీదే నిలబడింది. మన కొమ్మ మనమే నరుక్కుందామా?"

"కొమ్మ ఎప్పుడో విరిగింది, నువ్వు చూసుకోలేదు" అంది అక్క.

"ఎవరి పేరుతో బయటపెడతాం? పేరు పెట్టినవాడి పీక తెగుతుంది" అన్నాడు పెళ్ళికొడుకు.

"అయిదు పేర్లూ పెడదాం" అంది మూగమ్మ.

"అక్క కష్టం మనం పంచుకోవడం దొంగతనం కాదూ?" అన్నాను. నిజానికి నాకు అక్క కష్టం మీద బెంగ లేదు, నా పేరు మీదే బెంగ.

అక్క నా వంకే చూసింది. "దొంగతనం కాకుండా పని చెయ్యండి. నేను ఒక్క మెట్టే కూల్చాను. మీ మీ థీసిస్‌లలో ఏది నిలుస్తుందో, ఏది పోతుందో ఎవరికి వాళ్ళు రాయండి. సొంత చేత్తో. అప్పుడది అయిదుగురిదీ అవుతుంది."

పదిహేను రోజులు రాశాం. సణుగుడు తన సగం థీసిస్ తానే కొట్టేసి, ఆ రోజు సణగకుండా కూర్చున్నాడు. నేను రెండేళ్ళ పనిలో నిలిచేది ఒక్క పేజీయేనని తేల్చుకుని, బాత్‌రూములోకి వెళ్ళి ఏడ్చాను.

చివరికి పేర్ల వంతు వచ్చింది. మా విద్యలో ముందు పేరూ వెనక పేరూ అనేది లేదు, అంతా అక్షరక్రమమే. నేను చేరిన మొదటి రోజున పెద్దసారే గర్వంగా చెప్పాడు: "ఇక్కడ పెద్దా చిన్నా లేదమ్మా, అక్షరాలే పెద్దలు." అయిదుగురిలో అకారంతో మొదలయ్యే పేరు నాదొక్కటే. గుంపులోకల్లా పిరికిదాని పేరు అందరికంటే పైన కూర్చుంది.

అమ్మకి ఫోన్ చేశాను.

"ఏంటే, గొంతు అలా ఉంది? సంతకం పెట్టమన్నారా దేనిమీదన్నా? చదివే పెట్టావా?"

"నేనే రాశానమ్మా."

"నిజమే రాశావా?"

"నిజమే."

"మరింకేంటే?"

"భయమేస్తోందమ్మా."

అవతల బాయిలర్ చప్పుడు మీంచి అమ్మ గొంతు పెంచింది. "భయం నాకూ వేస్తుందే. అయినా పొద్దున్నే లేచి పోతున్నానుగా" అంది.

కాగితం నెట్‌లో అందరూ చదివే చోట పెట్టేశాం. మూడో రోజున రిజిస్ట్రార్ నుంచి పిలుపు వచ్చింది, నాకొక్కదానికే.

బల్ల వెనక రిజిస్ట్రార్, పక్కన పెద్దసారు. రిజిస్ట్రార్ కాగితం మీద వేలు పెట్టాడు. "మొదటి పేరు నీది. అంటే నాయకురాలివి నువ్వే. ఈ అబద్ధాలన్నీ అల్లింది ఆ తీసేసిన అమ్మాయేనని, నీ పేరు నీకు తెలియకుండా పెట్టారని రాసివ్వు. నీ స్కాలర్‌షిప్ నీకుంటుంది. లేదంటే కార్డు ఇచ్చేసి పో."

నన్ను నాయకురాలనడం విని అంత భయంలోనూ నవ్వొచ్చింది.

"మా దాంట్లో మొదటి పేరంటూ ఉండదండీ. అది అక్షరక్రమం."

"నాకు కథలు చెప్పకు!"

నేను పెద్దసారు వైపు తిరిగాను. "సార్, మీరు చెప్పండి. మన కాగితాల్లో పేర్లు ఎలా రాస్తాం?"

ఆయన రాసిన ప్రతి కాగితమూ అలాగే ఉంటుంది. ఒక్క మాట చాలు. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. కిమ్మనలేదు. చుక్కలూ గీతల విషయంలో ఆయన చేసింది పొరపాటు. మనిషన్నాక ఎవరైనా చేస్తారు. కానీ ఇది పొరపాటు కాదు. నాలుగు గోడల మధ్య, నా కళ్ళెదుట, తెలిసి చేశాడు.

"ఇదంతా ఎవరు కనిపెట్టారు?" అని అరిచాడు రిజిస్ట్రార్.

"అయిదుగురం రాశాం. మొదటి పేరు నాదే. తియ్యను."

ఆయన గంట కొట్టి సెక్యూరిటీ బాబాయిని పిలిచాడు. "దీని కార్డు తీసుకుని గేటు దాటించు." బాబాయ్ నన్ను వరండాలోకి తీసుకొచ్చాడు.

నన్నొక్కదాన్నే పిలిచారని తెలిసి వరండా నిండా జనం. సణుగుడు, పెళ్ళికొడుకు, మూగమ్మ. వాళ్ళ వెనక పక్క డిపార్ట్‌మెంట్ల రీసెర్చ్ వాళ్ళు, ఎన్నడూ నాతో మాట్లాడనివాళ్ళు కూడా. ఊడ్చే అత్తా ఆమె జట్టూ చీపుళ్ళు గోడకి ఆనించి నిలబడ్డారు. అందరి కార్డులూ మెడల్లో కాదు, చేతుల్లో ఉన్నాయి.

బాబాయ్ బిత్తరపోయాడు. "ఇంతమందివా? ఎవరిది ముందు తీసుకోనురా నాయనా!"

"అక్షరక్రమంలో తీసుకో బాబాయ్" అన్నాడు సణుగుడు.

నేను తాడు తీసి చెయ్యి చాపాను. నా వెనకాల ఒక్కొక్క చెయ్యీ ముందుకొచ్చింది.

బాబాయ్ ఆ చేతులన్నిటినీ చూశాడు. అక్క కార్డు తీసుకున్న చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని, రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. తర్వాత మూసిన తలుపు వైపు తిరిగి గట్టిగా అన్నాడు:

"సార్, మీరే వచ్చి తీసుకోండి."

చాలాసేపు నిలబడ్డాం. తలుపు తెరుచుకోలేదు. నాకు భయం పోలేదు, చెయ్యి మాత్రం దించలేదు.