గుండుసూదుల సందున అన్న మాట

టైలరమ్మ పెదాల మధ్య ఎప్పుడూ గుండుసూదులుంటాయి. అవి జారకుండా కబుర్లు చెప్పడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. కొలతలిచ్చేటప్పుడు మనుషులు ఎందుకో గానీ కష్టాలు చెప్పుకుంటారు. పిల్లవాడు చదవడం లేదనో, మోకాళ్లు సలుపుతున్నాయనో. అన్నిటికీ ఆవిడది ఒకటే మాట: "ప్రార్థన చేస్తాన్లే అమ్మా." ఆ తర్వాత చేతులెత్తమనడం, కొలత తీసుకోవడం, అంతే సంగతులు!

అలాగని భక్తి లేని మనిషేం కాదు. ఆదివారం చర్చిలో మైకు అందిందంటే చాలు, ప్రార్థన ఏకధాటిగా సాగిపోయేది. పాస్టరుగారే గడియారం వైపు చూసుకునేవారు.

ఆ మధ్యాహ్నం నర్సు వచ్చింది. అదే చర్చికి వచ్చే పిల్ల. చేతిలో తెల్ల యూనిఫాం.

"బాగా వదులైపోయిందక్కా. పక్కలు పట్టాలి."

"మొన్నమొన్ననేగా కుట్టించుకున్నావ్! తిండి మానేశావా ఏంటి?" అంటూ టైలరమ్మ నడుముకు టేపు చుట్టింది. టేపు ఎంతకీ బిగుసుకోదే! ఆవిడ వేళ్లు ఆగిపోయాయి.

"మా ఆయన కళ్ల కట్లు ఈ సాయంత్రం విప్పుతారక్కా. చూపు వస్తుందో రాదో అప్పుడే తెలుస్తుందట."

టైలరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. నిజమే, వెల్డింగ్ పనిచేసే తన మొగుడి కళ్లు దెబ్బతిన్నాయని ఈ పిల్ల ఇక్కడే నిలబడి ఏడ్చింది. తను సూదుల సందులోంచి ఆ మాటే అంది. ఆ తర్వాత? ఏముంది, గౌను కుట్టింది, అన్నం తింది, పడుకుంది. నర్సు ఆదివారాలు కూడా ఆసుపత్రిలోనే ఉండిపోవడంతో కంటపడలేదు. కంటపడని మనిషి మనసులోంచీ జారిపోయింది.

"మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో" అంది నర్సు. "నాకసలు ప్రార్థనే రాలేదక్కా. మోకాళ్లేస్తే నోరు పెగిలేది కాదు. అక్క చేస్తోంది కదా అని నేను మానేశాను. ఆ ధైర్యంతోనే రాత్రిళ్లు కళ్లు మూసుకునేదాన్ని."

ఊరుకుంటే సరిపోయేది. 'అంతా దేవుడి దయమ్మా' అంటే పోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఛీ, ఏం మనిషిని నేను, అనుకుంది టైలరమ్మ. సూదులు ఒక్కొక్కటీ నోట్లోంచి తీసి మిషను మీది చిన్న దిండుకు గుచ్చింది.

"నేను చెయ్యలేదమ్మా."

"ఏంటక్కా?"

"ప్రార్థన. చేస్తానన్నాను, మర్చిపోయాను."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా."

నర్సు స్టూలు మీద కూలబడింది. అరిచినా బాగుండేది, నాలుగు తిట్టినా బాగుండేది. "అయితే ఇన్నాళ్లూ ఆయన కోసం ఎవరూ అడగలేదన్నమాట" అంది మెల్లగా. టైలరమ్మకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నర్సే మళ్లీ అంది, "ఇప్పుడు చెయ్యండి. నా ముందే చెయ్యండి."

టైలరమ్మ గుడ్డపీలికల మధ్య మోకాళ్లూనింది. "పరలోకమందున్న తండ్రీ..." ఆదివారం మాటలన్నీ బిలబిలమంటూ నోటికొచ్చాయి. ఏ మాట చూసినా సిగ్గేసింది. అక్కడే ఆగిపోయింది. మైకు ముందు అంతసేపు మాట్లాడిన మనిషికి ఇప్పుడు ఏడుపు తప్ప ఏమీ రాలేదు.

పక్కన స్టూలు కిర్రుమంది. నర్సు కిందికి జారి ఆవిడ పక్కనే మోకరించింది.

"ప్రభువా" అంది, బొంగురు గొంతుతో. "అక్క మర్చిపోయింది. నేను మానేశాను. నువ్వు మాత్రం ఆయన్ని వదిలెయ్యలేదు కదూ? వదలకు తండ్రీ. కట్టు విప్పాక ఎలా ఉన్నా సరే, మమ్మల్ని వదలకు."

టైలరమ్మ ఆమెన్ అంది. యూనిఫాం మిషను మీదే ఉండిపోయింది. ప్రార్థన చేస్తానని మళ్లీ అనలేదు. సంచి భుజాన వేసుకుని షట్టరు కిందికి లాగింది.

"పద, ఆసుపత్రికి నేనూ వస్తా."

నర్సు రమ్మనలేదు, వద్దనలేదు. విసవిసా ముందు నడిచింది. వీధి మలుపులో మాత్రం, వెనకబడిపోయిన టైలరమ్మ కోసం ఆగింది.