ఊరందరికీ తెలిసినా ఎవరూ ఎత్తకూడని కేసు

పదిహేడో ఏట ఫ్రోనీ కీపింగ్ తాగిన మత్తులో ఐస్ హాకీ మైదానంలో మంచు నున్నచేసే బండెక్కి, దాన్ని నడివీధిన చర్చి దాకా తోలుకెళ్లింది. ఆ బండిది నత్తనడక కావడంతో పోలీసాయన జీపు కూడా తియ్యకుండా పరుగెత్తుకుంటూ వచ్చి పట్టుకున్నాడు. బాలల కోర్టు ఆమెను ఏడాదిపాటు పర్యవేక్షణలో ఉంచింది. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరంలో మూడొందల గడపల ఊరది. ఆ ముచ్చట చెప్పుకోకుండా ఏ పెళ్లివిందూ ముగిసేది కాదు.

ఇరవై ఒకటో ఏట, ఫిబ్రవరిలో, ఒక బాప్తిస్మం విందులో రమ్ము పట్టించి, పట్టపగలు తన పికప్‌ని సరిగ్గా పోలీసు ఠాణా ఎదుటి మంచుకుప్పలోకి ఎక్కించింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పోలీసులు కిటికీలోంచి చూస్తూనే కోటు తొడుక్కున్నారు.

ఆమెకు కోర్టువారు ఇచ్చిన వకీలు హెడ్లీ బంగే తల పట్టుకున్నాడు.

"అమ్మాయ్, నీ పాత శిక్ష పూర్తై జూన్ తొమ్మిదికి మూడేళ్లు. ఆలోపు ఈ కేసులో నేరం ఖాయమైతే, ఆ పాతది కూడా పెద్దవాళ్ల కేసు కిందే లెక్క. అప్పుడు ఇది రెండోసారి అవుతుంది. ముప్ఫై రోజులు జైలు తప్పదు."

"తొమ్మిది దాటితే?"

"పాత కాగితాలు మూతపడతాయి. కోర్టులో ఎవరూ వాటి ఊసెత్తకూడదు. నువ్వు కూడా! నీ నోటికి తాళం వేసుకో."

విచారణ జూన్ రెండున పడింది. తను పనిచేసే పీతల ఫ్యాక్టరీలో మంచి సీజను. ఒప్పేసుకుని పనికి పోదామని ఫ్రోనీకి నాలుక దురద పెట్టింది. అదృష్టం కొద్దీ పోలీసులు ఇవ్వాల్సిన శ్వాస పరీక్ష కాగితాలు ఇంకా అందలేదు. హెడ్లీ ఆ మాటే చెప్పి వాయిదా అడిగాడు. కేసు పదహారుకి మారింది.

పదహారున కోర్టు హాలు కిటకిటలాడింది. ముందు వరసలో మేనత్త మెల్వీనా అల్లిక సూదులతో కూర్చుంది. జడ్జిగారు టొరంటో నుంచి కొత్తగా వచ్చినావిడ. ఫ్రోనీ నేరం ఒప్పుకుంది.

"ఇంతకుముందు కేసులేమైనా ఉన్నాయా?" అని జడ్జి అడిగారు.

ప్రాసిక్యూటర్ గార్లండ్ పెల్లీ లేచాడు. అతనిదీ ఆ ఊరే. ఏదో మింగుడుపడనట్టు గొంతు సవరించుకున్నాడు.

"మీ ముందు పెట్టదగ్గవి ఏమీ లేవండి."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు అంటుకుని మరో నలుగురికి పాకింది.

"ఏమిటా నవ్వు?"

"నవ్వు కాదమ్మగారూ, దగ్గు. మా ఊళ్లో అందరికీ పట్టుకుంది," అంది మెల్వీనా, సూదులు ఆపకుండానే.

జడ్జి ఫ్రోనీ వైపు తిరిగారు. "నువ్వేమైనా చెప్పుకుంటావా?"

"మొదటిసారి కూడా నేనేమీ..." అని ఫ్రోనీ ఎత్తుకుంది. హెడ్లీ బల్ల కింద ఆమె పాదాన్ని గట్టిగా తొక్కాడు.

"అబ్బా!" అని, "సిగ్గేస్తోందండీ, అంతే," అంది. అది నిజమే.

జడ్జి ఆమె పాదం వైపు ఒక చూపు చూశారు. పదిహేనొందల డాలర్ల జరిమానా, ఏడాదిపాటు బండి ముట్టకూడదని తీర్పిచ్చారు.

వరండాలో ఫ్రోనీ గంతేయబోతుంటే పెల్లీ ఆపాడు.

"సంబరం చాలించు. ఇది పిల్లల కేసు కాదు. మూడేళ్లకి దానంతటదే మూతపడదు. ఇంకోసారి దొరికావో, నేను నోరారా చదివి వినిపిస్తా."

ఫ్రోనీ ముఖం పాలిపోయింది. "దొరకను సార్," అంది చిన్నగా, "తాగి బండెక్కను."

మర్నాటి నుంచి తొమ్మిది కిలోమీటర్ల అవతలి ఫ్యాక్టరీకి మెల్వీనా కారే దిక్కయింది. అత్త గంటకి ముప్ఫై కిలోమీటర్లు దాటి నడపదు. పైగా గొంతెత్తి కీర్తనలు పాడుతుంది. వెనక ఆరేడు బళ్లు హారన్లు మోగిస్తున్నాయి. ఫ్రోనీ సీట్లోంచి కిందికి జారి తల దాచుకుంది.

"సరిగ్గా కూచోవే పిల్లా, అందరూ నిన్ను పలకరిస్తున్నారు," అని మెల్వీనా కిటికీలోంచి అందరికీ చెయ్యి ఊపింది.