టీవీలోంచి రాలిన నవ్వుమొకం

పొద్దు వాలినాక జ్ఞానాంబ ఇంట్లో మొదట దీపం, తరువాత టీవీ. దీపానికి దండం పెట్టిన చేత్తోనే ఆమె రిమోట్ అందుకొని ‘బొమ్మ చూసి మాట చెప్పు’ ఆట పెట్టేది. తిరుపతి బస్టాండు వెనక ఆ సందులో ప్రతి ఇంట్లోనూ ఆ వేళకు అదే ఆట. పిల్లలు ఫోన్లలో పంపుకొనే చిన్న బొమ్మలుంటాయి చూడండి, పసుపు మొకాలు, చెట్లు, పిట్టలు, వాటిని తెర మీద వరసగా నిలబెడతారు. ఆ వరసలో దాగిన సామెత ఏదో చెప్పాల. అంతే ఆట.

ఆ దినం తెర మీద ఒక కొండ, దాని పక్కన గడ్డపార, దాని పక్కన ఎలుక.

“వినాయకుడు తిరుమలకు పోయినాడు,” అంది జ్ఞానాంబ.

“మరి గడ్డపార ఎందుకుండాది అవ్వా?” అని అడిగింది మనవరాలు లోహిత.

“దోవ బాగలేదేమో.”

“కాదవ్వా! కొండను తవ్వి ఎలకను పట్టినట్టు!”

“ఎలక కోసరం ఏడుకొండలు తవ్వుతారా ఎవరన్నా? నా జవాబే మేలు.”

టీవీలో ఆడే మనిషి కూడా తప్పే చెప్పినాడు. తప్పు చెప్పినప్పుడల్లా ఏదో ఒక పసుపు మొకం టీవీ అంచు మీంచి జారి గచ్చు మీద పడేది. ఎందుకో మొకాలే పడేవి. ఏనుగులూ గొడుగులూ లోపలే ఉండిపోయేవి. మనిషి మొకమంత వెడల్పు, అప్పడమంత పలచన. పొద్దున్నే కసువు చిమ్మేటప్పుడు ఆడవాళ్ళు వాటిని చాటలోకి ఎత్తేవాళ్ళు. ఏడుపు మొకాలు చెత్తబండికి పోయేవి. నాలుక చాపిన మొకాలను పిల్లోళ్ళు ఒకరి వీపుకు ఒకరు అంటించుకొనేవాళ్ళు. ఎదురింట్లో కొత్త కోడలికి ముద్దుమొకం దొరికితే కొంగు చాటున దాచుకొని లోపలికి పోయింది.

జ్ఞానాంబ కోడలు జయంతి ఒక లాడ్జిలో కౌంటరు కాడ పని చేస్తుంది. తెల్లారక ముందు నుంచే జనం. రూము ఉండాదా, వేడినీళ్ళు ఎప్పుడొస్తాయి, లిఫ్టు ఎందుకు పని చేయలేదు, మా పెద్దాయన చెప్పులు ఎవరో ఏసుకుపోయినారు. కొండ దిగొచ్చిన వాళ్ళు గుండ్లకు గంధం పూసుకొని, చేతిలో లడ్డు సంచులతో హాయిగా ఉంటారు. ఎక్కబోయే వాళ్ళు మాత్రం కోపంగా ఉంటారు. ఇద్దరికీ తాళంచెవి ఇచ్చేది ఆమే. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టేవి కావు. ఇంటికొచ్చి గోడకు ఆనుకొని కూచుంటే, మళ్ళీ లేచేది తానేనా అని ఆమెకే అనుమానంగా ఉండేది.

లాడ్జి యజమాని మునివెంకటప్ప చెడ్డ మనిషేమీ కాదు. కానీ ఒకటే పాట. “మొకం నవ్వతా ఉండాలమ్మా. నువ్వు నవ్వితేనే గదా వాళ్ళు ఫోన్లో మన గురించి మంచి మాట రాసేది.”

ఒక పొద్దున చాటలో నవ్వుమొకం ఒకటి కనబడింది. కళ్ళు రెండూ విల్లులా వంగి, బుగ్గలు ఎర్రగా, లోకంలో ఏ చింతా లేని మొకం. జయంతి దాన్ని నీళ్ళతో తుడిచి, తన మొకానికి ఆనించుకుంది. అతుక్కొనింది. అట్లే పనికి పోయింది.

ఎవరూ ఏమీ అనలేదు. గంగజాతరకు బైరాగి వేషం, దొర వేషం, మాతంగి వేషం కట్టే ఊరు అది. మొకం మారితే వెనక్కి తిరిగి చూసేవాళ్ళెవరు?

సాయంత్రం ఇంటికొచ్చి తీయబోతే జ్ఞానాంబ గబుక్కున చేయి పట్టుకొనింది.

“వద్దే! కట్టిన వేషం ఇంట్లో విప్పకూడదు. గంగమ్మ ముందర మొక్కుకొని విప్పాల.”

“ఇది టీవీలో పడింది గదత్తా.”

“యాడ పడితే ఏమి? వేషం వేషమే. జాతర వచ్చిందాకా ఓర్చుకో.”

జాతర ఎండాకాలంలో. అప్పటికింకా చలి కూడా ముదరలేదు. అత్త మాట కాదనే ఓపిక జయంతికి లేదు. అట్లే ఉంచుకొనింది.

ఆ మొకం లాడ్జికి బాగా కలిసొచ్చింది. తిట్టడానికి వచ్చిన వాళ్ళు ఆమెను చూసి చల్లబడి పోయేవాళ్ళు. మునివెంకటప్ప ఆమెకు రాత్రి పని కూడా అంటగట్టినాడు. “నీకు అలుపనేదే లేదే తల్లీ!” అన్నాడు. అలుపుండాది సార్ అని ఆమె చెప్పింది. పసుపు మొకం నవ్వతా చెప్పింది కాబట్టి ఆయన కూడా నవ్వినాడు.

మొగుడు ఢిల్లీబాబు కొండ మీదికి జీపు తోలతాడు. మలుపులన్నీ తిప్పి తిప్పి ఇంటికొచ్చి చాప మీద వాలతా అనేవాడు, “ఈ ఇంట్లో నువ్వన్నా కులాసాగా ఉండావు జయంతీ.” జ్వరం వచ్చి డాక్టరు కాడికి పోతే, “ఇంత నవ్వుతున్నారు, మీకేం జబ్బమ్మా?” అని మాత్ర కూడా రాయకుండా పంపించినాడు. ఆ మొకం కింద మాట ఉండేది, మాటకు బరువు మాత్రం ఉండేది కాదు.

అట్లుండగా మునివెంకటప్ప రేణిగుంట స్టేషను కాడ ఇంకొక లాడ్జి కట్టినాడు. దాన్ని జయంతే చూసుకోవాలన్నాడు. ఆడే గది ఇస్తాడంట, పగలూ రేయీ ఆడే ఉండాలంట, ఇంటికి పండగా పబ్బానికి రావచ్చంట. “నేను రాను సార్, బిడ్డను వదిలి ఉండలేను,” అంది జయంతి. “చూడు, ఎంత సంతోషమో!” అని ఆయన పక్కనున్న వాళ్ళకు చూపించినాడు.

ఇంట్లో చెప్పింది. ఢిల్లీబాబు తలెత్తి చూసినాడు. “పొయ్యేది లేదంటానే పళ్ళికిలిస్తా ఉండావే. నీకు ఇష్టమున్నట్టే ఉండాది. పోరాదా, మేము సూసుకుంటాంలే.”

శుక్రవారం సాయంత్రం మునివెంకటప్ప కారేసుకొని తానే వచ్చినాడు, ఆమెను తీసుకుపోడానికి. కుర్చీలో కూచొని, మురుకు కొరకతా, అందరితో పాటు టీవీ చూసినాడు. తెర మీద ఒక చెవి, దాని పక్కన శంఖం. టీవీలో ఆటాడే అమ్మాయి నీళ్ళు నములుతా ఉండాది.

జయంతి కాఫీ లోటాలు తెచ్చి ఆయన ముందర నిలబడింది. “నేను రాను సార్.”

“చెవిటోడి ముందర శంకం ఊదినట్టు!” అని తొడ చరిచినాడు మునివెంకటప్ప. “ఇంత సులువు గూడా తెలీదా ఆ పిల్లకు! ఊఁ, సంచి సర్దుకున్నావా జయంతీ?”

“నేను రాను.”

“ఈ పిల్ల నవ్వుంటేనే రేణిగుంట నిలబడేది జ్ఞానాంబక్కా!”

అప్పుడు జరిగింది. జయంతి మొకానికి ఉన్న ఆ నవ్వుమొకం, పగలూ రేయీ నవ్వి నవ్వి అలిసిన మొకం, పెద్దగా ఆవలించింది. వంగిన కళ్ళు మెల్లగా మూతబడినాయి. బుగ్గల ఎరుపు పోయింది. నోరు చిన్నదై, సన్నగా గురక మొదలయింది.

కొరికిన మురుకు మునివెంకటప్ప నోట్లోనే ఉండిపోయింది. లోహిత టీవీ గొంతు తగ్గించింది. నిద్రపోయే మొకం కింద నుంచి, నవ్వు లేకుండా, ఏడుపూ లేకుండా, ఉత్త మాట వచ్చింది.

“నాకు శాతగాదు. నేను రాను.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ మాట అందరి చెవుల్లోనూ పడింది.

జ్ఞానాంబ గొంతు బాగా దించి అంది. “ఏమప్పా మునివెంకటప్పా. కొండ మీద ఎంత జనం కాసుకొని ఉన్నా, స్వామిని గూడా కాసేపు ఉయ్యాల్లో పండబెట్టి తలుపేస్తారు గదా. ఆ పొద్దు ఎవరన్నా పోయి వాకిలి తడతారా?”

తాతల కాలం నుంచి యాత్రికులకు నీడనిచ్చిన ఇల్లు ఆయనది. స్వామి పవళించినాక గట్టిగా దగ్గడం కూడా ఉండదు ఆ ఇంట్లో. మునివెంకటప్ప మురుకు మింగి, చప్పుడు కాకుండా లేచినాడు.

“రేణిగుంటకు ఇంకెవర్నన్నా చూస్తాలే,” అన్నాడు గుసగుసగా. “నువ్వు ఈడే ఉండు తల్లీ. పగటి పని చాలు. రేపు రావొద్దు. ఎల్లుండి గూడా… నీకు తోచినప్పుడే రా.” చెప్పులు చేత్తో పట్టుకొని, వీధిలోకి పోయినాక ఏసుకున్నాడు.

నిద్రపోయిన బిడ్డ పిడికిలి సడలినట్టు, పసుపు మొకం పట్టు వదిలి గచ్చు మీదికి జారింది. ఢిల్లీబాబు చాప మీంచి లేచి వచ్చి పెండ్లాన్ని చూసినాడు. కళ్ళ కింద నల్లగా గుంటలు, దవడలు పీక్కొని పోయి ఉండాయి.

“ఎప్పట్నించే ఇట్ల?”

“ముందు నించీ.”

ఆమె చేతిలో లోటాలు అతడే తీసుకున్నాడు. జయంతి ఆడే, ఆ చాప మీదే, చేయి తలకింద పెట్టుకొని పడుకొనింది. టీవీలో ఆట నడిపే ఆమె చప్పుడు లేకుండా నోరు తెరుస్తా మూస్తా ఉండాది.

మరుసటి దినం ఢిల్లీబాబు జీపు తీయలేదు. ఉప్మా చేస్తానని పొయ్యి కాడికి పోయి, రవ్వ మాడబెట్టినాడు. “అయ్యో, ఇల్లంతా పొగ గదరా!” అని జ్ఞానాంబ కూడా గుసగుసగానే తిట్టింది. ఆ వాసనకు కూడా జయంతి లేవలేదు.