గాలక్టోజ్ సీసా

చంద్రపూర్ కాలేజీలను నాగపూర్ నుంచి విడదీసి కొత్త విశ్వవిద్యాలయం కిందికి మారుస్తున్న రోజులవి. పాతచోట పేరున్నవాళ్లు నెలాఖరులోగా థీసిస్ ఇవ్వాలి, లేకపోతే కొత్తచోట మళ్లీ ఓనమాల నుంచి మొదలు. బాబుపేట్ భూదేవికి అప్పటికే ఐదేళ్లు ఈస్ట్ కణాల పాలయ్యాయి.

తిండి విషయంలో ఈస్ట్ మహా గడుసుది. గ్లూకోజ్ దొరికినంతసేపూ గాలక్టోజ్ అనే మరో చక్కెర వైపు కన్నెత్తి చూడదు. దాన్ని తినడానికి కావలసిన జన్యువును మూసే ఉంచుతుంది. గాలక్టోజ్ తప్ప గతిలేదనుకున్నప్పుడే తెరుస్తుంది. జన్యువు తెరుచుకుంటే, కలిపిన రసాయనం వల్ల పరీక్షగొట్టంలో నీళ్లు పసుపెక్కుతాయి. భూదేవి ఒక ప్రొటీన్ తీసేసిన ఈస్ట్‌ను పెంచి గాలక్టోజ్ పోసింది. పసుపు రాలేదు. ఆ ప్రొటీనే తాళంచెవి అని గైడు రాజం సార్ పొంగిపోయాడు. థీసిస్ అంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

చివరి వారంలో, మామూలు ఈస్ట్‌నూ దీన్నీ పక్కపక్కన పెట్టి ఫొటో తీయమన్నాడు సార్. మామూలుదాన్ని ఎప్పుడో పాత సీసాలోని గాలక్టోజ్‌తో పెంచింది. అప్పుడది పసుపెక్కింది; ప్రొటీన్ తీసినదానికి మాత్రం కొత్త సీసాలోది పోసింది. పాత సీసా అయిపోయింది కనుక ఈసారి రెంటికీ కొత్త సీసాలోదే పోసింది. రెండు గొట్టాలూ తేటగానే ఉండిపోయాయి.

భూదేవికి కొత్త సీసా మీద అనుమానం వచ్చింది. తండ్రి మొండయ్య పద్మాపూర్ గనిలో పనిచేసి షుగర్ తెచ్చుకున్న మనిషి. మూత్రంలో గ్లూకోజ్ చూసుకునే పట్టీలు ఇంట్లో ఉన్నాయి. ఒకటి తెచ్చి కొత్త గాలక్టోజ్ కలిపిన నీళ్లలో ముంచింది. అసలైన గాలక్టోజ్‌కు ఆ పట్టీ రంగు మారదు. ఇది చూస్తుండగానే ఆకుపచ్చ తిరిగింది. చౌకగా వస్తుందని తెప్పించిన సరుకులో గ్లూకోజ్ కలిసి ఉంది.

"సార్, ప్రొటీన్ల ఏం లేదు. గా కొత్త సీసాలనే గ్లూకోజ్ ఉన్నది," అని పట్టీ చూపించింది.

రాజం సార్‌ది రాజురా వైపు తెలుగు రైతు కుటుంబం, మంచివాడని పేరు. పట్టీ అందుకుని అడిగాడు.

"ఇంకెవ్వలకన్న చెప్పినవా?"

"లేదు సార్."

"చెప్పకు బిడ్డా. మల్ల చేసుడంటే ఆర్నెల్లు. తారీఖు ఆగుతదా? థీసిస్ జమ చెయ్యి."

ఆ మాట అనడానికి ఆయనకు నోరెలా వచ్చిందో. నిజం చెప్పాలంటే, ఆయన అలా అంటే బాగుండునని ఆమే కోరుకుంది. మర్నాడు థీసిస్ ఇచ్చేసింది. డిగ్రీ వచ్చింది. మొండయ్య గనివాళ్లందరినీ పిలిచి కూతుర్ని చూపించుకుంటే ఆమె తలెత్తలేదు. ఎంత చదివినా ఎంత అణకువో అని మెచ్చుకున్నారు.

రెండేళ్లకు భూదేవి అదే కాలేజీలో లెక్చరరైంది. ఆమె థీసిస్‌ను నమ్ముకుని ఐలమ్మ అనే అమ్మాయి పీహెచ్‌డీలో చేరింది. ఒక మధ్యాహ్నం వాచిపోయిన కళ్లతో వచ్చింది.

"మేడమ్, మీరు ప్రొటీన్ తీసిన ఈస్ట్ నా దగ్గర పసుపైతనే ఉన్నది. ఏడుసార్లు చేసిన. ఏడ తప్పు చేస్తున్ననో సమజైతలేదు."

భూదేవి ఆ పిల్ల నోట్‌బుక్ తిరగేసింది. ప్రతి పేజీలో తేదీ, కొలత, వేళ అన్నీ సరిగ్గా ఉన్నాయి. తప్పు ఎక్కడా లేదు.

"నీకు ఇంక చెయ్యి కుదరలే," అంది. "మల్ల చెయ్యి."

ఐలమ్మ తలూపి, ఎనిమిదోసారి ఈస్ట్ పెంచడానికి ల్యాబ్‌లోకి వెళ్లింది.