భూమవ్వ చావు షూటింగు

సినిమాలో ఎవరైనా చచ్చిపోతే ముత్తన్న ఏడుస్తాడు. కళ్లు చెమర్చడం, ముక్కు ఎగబీల్చడం లాంటి మర్యాద ఏడుపు కాదు. భుజం మీది తువ్వాల నోట్లో కుక్కుకుని ఒళ్లంతా కదిలిపోయేలా ఏడుస్తాడు. పెళ్లైన కొత్తలో బోధన్ టాకీసులో మొదటిసారి ఆ ఏడుపు చూసి భూమవ్వ హడలిపోయింది. తెర మీద హీరోయిన్ రక్తం కక్కుకుని పోతుంటే, పక్క సీట్లో తన మొగుడు ఆ పిల్లకు సొంత అన్నలా విలవిల్లాడుతున్నాడు. వెనక వరసవాళ్లు జాలిపడి సోడా తాగించారు. ఇంత మెత్తటి మనసున్నవాడు దొరికాడని బస్సులో తమ ఊరు కోటగిరి చేరేదాకా భూమవ్వ మురిసిపోయింది.

ఆ మురిపెం అత్త పోయేదాకా నిలిచింది. కన్నతల్లి పోయిన రోజు ముత్తన్న కంట్లో ఒక్క చుక్క రాలేదు. కట్టెలు చాలుతాయా, డప్పులవాళ్లకు ఎవరు చెప్పారు, టెంటు ఇంకా రాలేదేం అంటూ తిరుగుతూనే ఉన్నాడు. తర్వాత అన్న పోయాడు, చిన్ననాటి దోస్తు పోయాడు. అప్పుడూ అంతే. అన్న దినాలైన వారానికి టీవీలో ఒక ఏనుగు చచ్చిపోతే మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.

అప్పటినుంచి భూమవ్వకు ఒకటే బెంగ. రేపు తను పోతే ఈ మనిషి ఏడుస్తాడా, లేక టెంటువాడికి ఫోన్ చేస్తాడా? ఉండబట్టలేక ఒకసారి అడిగేసింది.

"ఏందయ్యా, నేను సస్తె ఏడుస్తవా?"

"నాట్లకు కూలోళ్లు దొర్కక నేనే సస్తున్న. నీకిప్పుడేమైందే?" అన్నాడు ముత్తన్న.

అదీ జవాబు. సినిమాల్లో హీరో దోస్తు సంగతి తలుచుకుంటే ఆమెకు మరీ ఒళ్లు మండేది. వాడు జేబులోంచి చెల్లెలి పెళ్లి పత్రిక తీశాడంటే ఇంటర్వెల్ లోపే పోతాడని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలిసి కూడా ముత్తన్న ముందే తువ్వాల మడిచి సిద్ధంగా పెట్టుకుంటాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు వండిపెట్టిన పెళ్లానికి ఆ పత్రికవాడికున్నంత విలువైనా లేదా?

ఇలా ఉండగా మేనల్లుడు భానుప్రసాద్ ఒకరోజు ఇంటికి వచ్చాడు. నిజామాబాద్‌లో డిగ్రీ చదివి, ఆ చదువుకు తగ్గ ఉద్యోగం దొరక్క, ఊళ్లోనే యూట్యూబ్ సినిమాలు తీస్తున్నాడు. వాటిలో అమ్మ వేషం ఎప్పుడూ భూమవ్వదే. బోధన్ అంగడికి పోతే ఆడవాళ్లు కూరగాయల సంచీ కింద పెట్టి మరీ ఆమెతో ఫొటో దిగుతారు.

"అత్తా, ఏమనుకోకు. ఈసారి నిన్ను సంపుతున్న. తెలంగాణల ఎవ్వడు తియ్యని సావు. సూసినోడు సూసినట్టు ఏడ్వాలె," అన్నాడు నసుగుతూ.

ఇంకొకతె అయితే వేషం పోయిందని కొట్లాటకు దిగేది. భూమవ్వ ముఖం వెలిగిపోయింది. సినిమా చావుకు ఏడ్చే మొగుడికి సినిమా చావే చూపిస్తే సరి!

"ఎప్పుడు సంపుతవురా?" అంది ఆత్రంగా.

చావు సీను రోజు ముత్తన్నను ముందు వరసలో కూర్చోబెట్టాలని ఆమె ఎత్తు. పొద్దున్నే ఆయన పార భుజాన వేసుకుని, "కాల్వకు నీళ్లు ఒదిలిండ్రట," అంటూ పొలానికి పోయాడు. కాలువకు నీళ్లు వచ్చింది మాత్రం మూడు రోజుల తర్వాత. భూమవ్వ ఆ రోజు నాలుగుసార్లు చచ్చింది. మొదటిసారి రెప్ప కదిలింది, రెండోసారి దోమ కుట్టింది, మూడోసారి సినిమాలో మొగుడిగా వేసిన ఎర్రన్న మాట మరిచిపోయాడు. నాలుగోసారి ఎంత బాగా చచ్చిందంటే, చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లంతా కొంగులు తడిపేశారు. ఏడవాల్సిన ఒక్కడు అక్కడ లేడు.

"నాలుగు తాపల సచ్చినయ్యా ఇయ్యాల," అంది ఇంటికొచ్చి.

"అయితే కూర వండలేదా?" అన్నాడు ముత్తన్న.

ఇక మిగిలింది పిట్టకు పెట్టే సీను ఒక్కటే. పోయినవాళ్లకు మూడోరోజున ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, కాకి కోసం చూస్తారు. కాకి ముట్టిందా, పోయినవాళ్లు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. అప్పుడు దగ్గరివాళ్లు ముందుకొచ్చి అది చేస్తాం, ఇది చూసుకుంటాం అని మాటివ్వాలి.

"ఇయ్యాల రాకుంటే నా మీద ఒట్టే," అని భూమవ్వ గట్టిగా చెప్పడంతో ముత్తన్న వచ్చాడు. వచ్చి అందరికీ వెనకాల, షూటింగు పెట్టుకున్న పొలం ఒడ్డు చివర నిలబడ్డాడు. భానుప్రసాద్‌కు అంతా ఒరిజినల్‌గా ఉండాలి కాబట్టి విస్తరిలో నిజంగానే అన్నం, కోడికూర, గారెలు పెట్టారు, పక్కన కల్లు సీసా. కోడికూర భూమవ్వే వండింది. తన చావుకూడు తనే వండుకున్న మనిషి ఊళ్లో ఇంకొకరు లేరు, కానీ ఆమెలా కూర వండేవాళ్లు కూడా లేరాయె. విస్తరి ముందు దండ వేసిన ఆమె ఫొటో. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో చాయ్ తాగుతూ ఆమె.

మామూలు రోజుల్లో ఆ మళ్లలో కాకులు తోలినా పోవు. ఆ రోజు ఒక్కటీ దిగలేదు. గంట గడిచింది. కరెంటు తీగ మీద ఒకటి వాలి, విస్తరిని చూసి, ముఖం తిప్పుకుంది.

"పాపం, మన్సుల ఏదో కోరిక ఉండిపోయింది," అంది లింగవ్వ. ఊళ్లో అందరికంటే పెద్దది, ఎన్ని విస్తర్లు చూసిందో ఆమెకే తెలియదు. అందరూ అవునని తలలూపారు. పోయిందనుకుంటున్న మనిషి మూరెడు దూరంలో చాయ్ తాగుతోందన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ఎర్రన్న ముందుకొచ్చి, "ఇంకో పెండ్లి చేస్కోనే, ముట్టు," అని వేడుకున్నాడు. కాకి కదల్లేదు.

లింగవ్వ ఇక లాభం లేదని పోయినదాన్నే అడిగింది. "ఏమే భూమవ్వా, ఏం కోరికుండె నీకు?"

అందరూ కుర్చీ వైపు తిరిగారు. యాభై మంది ముందు ఆ కోరిక ఎట్లా చెబుతుంది? "నాకేముంటయవ్వా," అంది భూమవ్వ తల దించుకుని.

"ఎర్రన్న చెప్తె ఎందుకు ముడ్తది? సొంత మొగడు చెప్పాలె," అంటూ లింగవ్వ ముత్తన్న రెక్క పట్టి విస్తరి ముందుకు లాక్కొచ్చింది. భానుప్రసాద్ కెమెరా అటు తిప్పాడు. "మామా, అత్తను తల్సుకొని ఏడువు!"

భూమవ్వ కుర్చీ అంచుకు జరిగింది. ఇన్నేళ్లుగా కోరుకున్నది ఇప్పుడు జరగాలి. ముత్తన్న ఫొటో చూశాడు, దండ చూశాడు, విస్తరి చూశాడు. కళ్లు పొడిగానే ఉన్నాయి. నా బతుకింతే అనుకుంది ఆమె.

ముత్తన్న విస్తరి ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు. అన్నంలో కూర కలిపాడు. ఇంత ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాడు.

ఆడవాళ్లు అయ్యయ్యో అని నోళ్లు నొక్కుకున్నారు. "మామా, గది సచ్చినోళ్లకు పెట్టింది!" అని భానుప్రసాద్ అరిచాడు.

"ఎవరు సచ్చిండ్రురా? నా పెండ్లం గాడ కూసొని చాయ్ తాగుతుంటే పిట్టకు పెడ్తరా? తమాషాగున్నదా మీకు?" ముత్తన్న ఇంకో ముద్ద కలిపాడు.

"మల్ల సిన్మాలు సూసి గంతగనం ఏడుస్తవు గదరా?" అంది లింగవ్వ.

"సిన్మాల సచ్చినోడు శుక్రారం ఇంకో సిన్మాల లేస్తడవ్వా. గందుకే ఏడుస్త, ధైర్నంగ ఏడుస్త. మనోళ్లు లేస్తరా? అవ్వ పోయినప్పుడు ఏడుపు మొదలువెడ్తె ఎక్కడ ఆపాల్నో నాకు తెల్వలే. టెంటు ఎవలు తెస్తుండె?"

ముత్తన్న భూమవ్వ వైపు చూడకుండానే అన్నాడు. "రా, తిను. పొద్దటిసంది వంటకాడనే ఉన్నవు."

భూమవ్వ లేచి వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. కళ్ల ముందు విస్తరి సరిగ్గా కనిపించడం లేదు. ఏడవాల్సినవాడు కూర నములుతున్నాడు, ఏడ్పించాలనుకున్నది కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. సరిగ్గా అప్పుడు తీగ మీది కాకి ఒడ్డు మీద వాలి, ఒక్కో గంతే వేస్తూ విస్తరి వైపు రాసాగింది.

"అత్తా, కదలకు! వస్తున్నది, వస్తున్నది!" భానుప్రసాద్ గొంతు తగ్గించి బతిమాలాడు.

భూమవ్వ మట్టిగడ్డ తీసి విసిరింది.

"హుష్! పోవే! ఇంకా శాన టైమున్నది," అని కాకిని తోలి, గారె తుంచి మొగుడి వైపు పెట్టింది.