నిన్న ఏం తిన్నావమ్మా?

ఉడికిన గుడ్లు మూడు ఒలిచి, సగానికి కోసి, తెల్లసొన భర్త కంచంలోకీ పచ్చసొన పక్కనున్న గిన్నెలోకీ వేయడం వినీలకి ఏడాదిన్నరగా అలవాటు. తెల్లసొనతో పాటు రమేష్ బాబుకి కీరదోస ముక్కలు, ఉడికించిన పెసలు, పంచదార వేయని రాగిజావ. అత్తగారు సంపూర్ణమ్మకి పళ్ళు లేవు కాబట్టి మెత్తటి ఇడ్లీ. తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు క్రిస్టినాకి ఇడ్లీ గిట్టదు కాబట్టి అట్టు, మధ్యాహ్నం బాక్సులోకి టమాటా అన్నం. ఎవరివి వాళ్ళకి అందేసరికి ఏడున్నర దాటేది. ఎనిమిదిన్నరకల్లా ఆమె కడియంలో మొక్కల నర్సరీ ఆఫీసులో ఉండాలి, ఏ లారీకి ఏ మొక్కలు ఎక్కుతున్నాయో రాసుకోవాలి. ఆ కాస్త వ్యవధిలో పొయ్యి దగ్గరే నిలబడి, రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు పోసుకుని, ఆ మూడు పచ్చసొనలూ నంజుకుని, క్రిస్టినా సగం వదిలేసిన అట్టూ అడుగున మిగిలిన జావా కూడా కానిచ్చేది. అది తన టిఫిననుకోలేదు ఏనాడూ. గిన్నెలు ఖాళీ చేస్తున్నానని అనుకునేది. ఖాళీ అయితే కదా తోమడానికి వీలయ్యేది.

హైస్కూల్లో లెక్కల మాస్టారైన రమేష్ బాబుకి సుగరుందని తేలినప్పుడు రాజమండ్రి డాక్టరుగారు ఒక చార్టు ఇచ్చారు. ఆయన దాన్ని తెచ్చి వినీల చేతిలో పెట్టాడు, ఆమె ఫ్రిజ్ తలుపుకి అంటించింది. అంతటితో ఆయన పని అయిపోయింది. జొన్నపిండి ఎక్కడ మెత్తగా ఆడతారో, రొట్టె విరక్కుండా ఎలా తట్టాలో, ఏ ఆకుకూర ఏ రోజు మార్కెట్టుకి వస్తుందో కనుక్కోవడం ఆమె వంతయింది. ఏడాదిన్నరలో ఆయన పదకొండు కిలోలు తగ్గాడు. ఆమె తొమ్మిది పెరిగింది. పాత జాకెట్లు కుట్లు విప్పినా చాలనప్పుడు, "ఏముంది వినీలా, మనిషికి కాస్త పట్టుదల ఉండాలి. నన్ను చూడు," అనేవాడు ఆయన, నడుముకి బెల్టు మరో రంధ్రం వెనక్కి బిగించుకుంటూ. సంపూర్ణమ్మ మాటల్లో వెటకారం ఉండేది కాదు గానీ, "దేవుడిచ్చిన అన్నం పారెయ్యకమ్మాయ్, కాస్తే కదా, నువ్వు కానిచ్చెయ్," అని తన కంచంలోది కూడా ఆమె వైపు జరిపేది. ఒకరు తినొద్దనేవారు, ఒకరు తినమనేవారు. ఇద్దరి మాటా కాదనలేక, తినేటప్పుడల్లా వినీల గుమ్మం వైపు వీపు పెట్టి నిలబడడం నేర్చుకుంది.

ఆ ఆదివారం చర్చిలో పాస్టర్ అయ్యగారు సాక్ష్యాలు చెప్పేవాళ్ళని రమ్మన్నారు. రమేష్ బాబు లేచి ముందుకెళ్ళి మైకు అందుకున్నాడు. సుగరు మూడొందలున్న మనిషి ఈ రోజు మాత్రలు సగానికి తగ్గించుకున్నాడంటే అది దేవుడి కృప, ఆ తర్వాత క్రమశిక్షణ అన్నాడు. జొన్నరొట్టె గురించి చెప్పాడు, నూనె తగ్గించడం గురించి చెప్పాడు, స్వీటు షాపు ముందు నుంచి నడిచి వెళ్ళినా తల తిప్పనన్నాడు. సంఘమంతా "స్తోత్రం" అంది. స్త్రీల వైపు కూర్చున్న వినీలకి కూడా మనసు కొంచెం పొంగింది. ఇప్పుడు నా పేరు చెబుతారు కాబోలు అనుకుంది, పైట సర్దుకుంది కూడా.

చెప్పాడు. "ఒక ప్రార్థన విన్నపం అండి. మా ఇంట్లో ఆవిడ కోసం. నేను పక్కనే ఉండి ఇంత మార్గం చూపిస్తున్నా నోరు కట్టుకోలేకపోతోంది. ఆవిడకి కూడా దేవుడు ఆ నిగ్రహం ఇచ్చేలా అందరూ ప్రార్థన చెయ్యండి."

ఎవరో ఫక్కుమన్నారు. దాని వెంట ఇంకో రెండు నవ్వులు. అయ్యగారు కూడా చిరునవ్వుతోనే కళ్ళు మూసుకున్నారు, వినీల పేరు ఎత్తి ఆమె నోటి కోసం దేవుణ్ణి అడిగారు. రెండొందల మంది కళ్ళు మూసుకుని తన తిండి గురించి దేవుడితో మాట్లాడుతుంటే వినీల ఒక్కతే కళ్ళు తెరుచుకుని కూర్చుంది. చాప మీద పరుచుకున్న తన తొడలు ఆమెకి కనిపించాయి. పైట లాగి పొట్ట మీద కప్పుకుంది, అది చాలక బైబిలు అడ్డం పెట్టుకుంది. పక్కనున్న అమ్మాయి కాస్త జరిగి చోటిచ్చింది, అది మరీ గుచ్చుకుంది. ఆయన అబద్ధం చెప్పాడని ఆమెకి అనిపించలేదు. అదే అన్నిటికంటే బాధ. నిజమే కదా, తింటున్నానుగా, ఎవరూ చూడకుండా తింటున్నానుగా అనుకుంది. దొరికిపోయిన దొంగలా చెవులు కాలిపోయాయి.

ఆ మధ్యాహ్నం ఆమె తినలేదు. రాత్రి కూడా తినలేదు. సోమవారం పొద్దున్న పచ్చసొనల గిన్నె మీద మూత పెట్టి, ఉత్త టీ తాగి నర్సరీకి వెళ్ళిపోయింది. పదకొండింటికి గులాబీ మొక్కలు లారీకి ఎక్కుతుంటే ఎండలో నిలబడి రాసుకుంటోంది. చేతిలో పెన్ను పడిపోయింది. దాని కోసం వంగిన మనిషి మళ్ళీ లేవలేదు.

మొక్కలు మోసే ఆడవాళ్ళు ఆమెని నీడలోకి చేర్చి, మొహాన నీళ్ళు కొట్టి, ఆటోలో ఊళ్ళో ఉన్న ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళారు. "బరువైన మనిషి కదండీ, ఎండకి ఆగలేదు," అని ఒకామె చెబుతుంటే వినీలకి మళ్ళీ స్పృహ తప్పితే బావుండుననిపించింది.

అక్కడి నర్సు రత్నమాణిక్యం ఏభై దాటిన మనిషి, వాళ్ళ చర్చికే వస్తుంది. ఆమె మొహం చూడగానే వినీల తల దించుకుంది. రత్నమాణిక్యం వేలు గుచ్చి రక్తం చూసింది, కింది రెప్ప లాగి చూసింది. బరువు చూసేటప్పుడు మాత్రం తోడొచ్చిన ఆడవాళ్ళని బయటికి పంపి తలుపు వేసింది. అంకె పైకి చదవకుండా కాగితం మీద రాసుకుంది.

"రక్తం ఎనిమిదే ఉందమ్మా. పన్నెండన్నా ఉండాలి. నిన్న ఏం తిన్నావమ్మా?"

"జొన్నరొట్టెలు రెండండి," అంది వినీల. "ఆకుకూర. కీరదోస ముక్కలు. పొద్దున్న రాగిజావ."

రత్నమాణిక్యం పెన్ను కింద పెట్టింది. "అది మీ ఆయన తిండి కదమ్మా. నిన్న మైకులో ఆయనే చెప్పారుగా. నీ తిండి గురించి అడుగుతున్నాను."

వినీల నిన్న మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదని చెప్పింది. మరి మామూలు రోజుల్లో అని నర్సు అడిగింది. చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది ఆమెకి, అది ఎంత పెద్ద జాబితానో, అందులో వేడిగా ఉన్నది ఒక్కటీ లేదని. చద్దన్నం, మూడు పచ్చసొనలు, కూతురు వదిలేసిన అట్టు, సాయంత్రం బాక్సులో తిరిగొచ్చిన టమాటా అన్నం, అత్తగారి కంచంలోది, రొట్టె చేస్తే విరిగిన ముక్కలు, పులుసు అడుగు. మధ్యాహ్నం ఆఫీసులో టీ, రెండు బన్నులు, ఎందుకంటే అందరికీ బాక్సులు కట్టేసరికి తనకి కట్టుకునే టైము ఉండదు. చెబుతూ చెబుతూ సిగ్గుతో మొహం చేతుల్లో దాచుకుంది. "నేను కంట్రోలు చేసుకోలేనండి," అంది లోపల్నుంచి.

"నువ్వు కూర్చుని తిని ఎన్నాళ్ళయిందమ్మా?" అంది రత్నమాణిక్యం.

వినీల ఆలోచించింది. క్రిస్టినా పుట్టినప్పుడు, పుట్టింట్లో. పధ్నాలుగేళ్ళు.

నర్సు ఐరన్ మాత్రలు ఇచ్చింది, అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దంది. మాత్రలు మొదలుపెట్టినా రాజమండ్రిలో పెద్ద డాక్టరుకి చూపించుకోవాలి, రక్తం ఎందుకు తగ్గిందో తేలాలి అంది. తిండి గురించి చెప్పింది చాలా మామూలు సంగతి. తోటకూర పప్పు, చేపల పులుసు, కాస్త అన్నం, కూర మాత్రం ఎక్కువ, గుడ్డయితే గుడ్డు మొత్తం. వేళకి, ఒక కంచంలో పెట్టుకుని. "నీకు విడిగా వండుకోమనట్లేదమ్మా. ఆ వండేది ఇంటిల్లిపాదికీ మంచిదే. వడ్డించుకోమంటున్నాను, అంతే."

ఇంటికొచ్చి వినీల ఆ సాయంత్రం ఒక్క వంటే వండింది. కుండలో చేపల పులుసు, తోటకూర పప్పు, దొండకాయ కూర. జొన్నపిండి డబ్బా తియ్యలేదు. ఎనిమిదింటికి నాలుగు కంచాలు బల్ల మీద పెట్టి, ముందుగా తనకి వడ్డించుకుని కుర్చీలో కూర్చుంది. కూర్చోగానే లేవాలనిపించింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే, చర్చిలోని ఆ నవ్వు మళ్ళీ వినపడినట్టయి దిగలేదు. నీళ్ళు తాగి దించింది.

రమేష్ బాబు వచ్చి చూశాడు. "నా రొట్టె ఏదీ?"

"చెయ్యలేదండి. ఇవాళ అందరికీ ఇదే. మీకు అన్నం ఒక గరిటె, కూర రెండు గరిటెలు, చార్టులో అలా కూడా రాశారు. రొట్టే కావాలంటే పిండి డబ్బాలో ఉంది."

"ఏంటి, చర్చిలో అన్నది మనసులో పెట్టుకున్నావా? నీ మంచికే కదా చెప్పింది!"

వినీల తలెత్తి చూడలేకపోయింది. కంచం వైపు చూస్తూనే అంది. "ఈసారి సాక్ష్యం చెప్పేటప్పుడు, ఆ రొట్టెలు ఎవరు చేశారో కూడా చెప్పండి."

ఆయన కుర్చీ గట్టిగా లాక్కుని కూర్చున్నాడు. క్రిస్టినా సగం తిని, అలవాటుగా కంచం అమ్మ వైపు జరిపింది. వినీల దాన్ని మెల్లగా వెనక్కి జరిపింది. "నీకు చాలకపోతే మళ్ళీ వడ్డిస్తాను. ఎక్కువైతే రేపట్నుంచి తక్కువ పెట్టుకో." ఆ పిల్ల అమ్మని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

వినీల తింటూనే ఉంది, మెల్లగా, ముల్లు చూసుకుంటూ. సిగ్గు పోలేదు, పక్కనే కూర్చుని ఉంది. కానీ చేప వేడిగా ఉంది. కొంతసేపటికి ఆమె చెయ్యి దానంతటదే ఆగింది. కంచంలో ఇంకా రెండు ముద్దల అన్నం ఉంది.

"వదిలేశావేంటమ్మాయ్? రెండు ముద్దలే కదా, కానిచ్చెయ్," అంది సంపూర్ణమ్మ.

వినీల లేచి కంచం తీసింది. పధ్నాలుగేళ్ళలో ఆ ఇంట్లో ఆ మాట అనడం ఆమెకి అదే మొదటిసారి.

"కడుపు నిండిందండి, అత్తయ్యగారూ."