తెరాయన

కుంకుడు నురగను మోచేతుల దాకా రుద్దుకుంటూ ఏసోబు ఆకాశం వంక చూశాడు. మబ్బు లేదు, గాలి కూడా లేదు. తెర ఎండబెట్టడానికి ఇంతకంటే మంచి శుక్రవారం దొరకదు. గోళ్ల సందుల్లో ఇరుక్కున్న సున్నాన్ని వేపపుల్లతో గీకి, మళ్లీ కడిగి, తుడుచుకోవడానికి గుడ్డ లేక చేతులు గాలిలో ఆడించి ఆరబెట్టుకున్నాడు. అన్నం తినబోయే ముందు కూడా ఆ మనిషి అంత శ్రద్ధగా చేతులు కడుక్కోగా పిడుగురాళ్లలో ఎవరూ చూడలేదు.

పొడుగాటి మనిషి. కావడి మోసీ మోసీ కుడి భుజం కిందికి దిగింది. ఎగిరిపడిన సున్నం పిక్కల మీద తెల్లటి మచ్చలు పెట్టింది. నిచ్చెన మీద తల పైకెత్తి ఏళ్ల తరబడి పని చేయడం వల్ల మెడ కాస్త వెనక్కి వాలి ఉంటుంది. తెలియనివాళ్లు దాన్ని పొగరనుకుంటారు. తెలిసినవాళ్లు కూడా అప్పుడప్పుడు అలాగే అనుకుంటారు.

గుడిసెలోంచి రేకు పెట్టె బయటికి లాగి, వేపాకు దులిపి, తెర మడతలు విప్పాడు. రెండో కొస పట్టుకోవడానికి భార్య హన్నమ్మ వచ్చింది.

"లేచిందా నా సవతి?" అంది.

ఏసోబు రెండో కొస ఆమెకు అందించాడు. ఇద్దరూ కలిసి తెరను గుంజల మధ్య తాళ్ల మీద పరిచారు. నేత గుడ్డ పట్టెలు నిలువుగా కలిపి కుట్టిన తెర అది. గాలివానలకు అంచులు చిరిగి, అతుకులు పడి ఉన్నాయి. నడుమ మాత్రం పాలమీగడలా ఉంది. హన్నమ్మ ఒంటి మీద ఉన్నది ఆమెకున్న ఒకే ఒక్క చీర. అది ఉతికిన పూట ఆరేదాకా దుప్పటి చుట్టుకుని గుడిసెలోనే కూర్చుంటుంది. యుద్ధం అయిపోయి ఏడాది దాటినా బట్ట ఇంకా రేషను కార్డు మీదే. డిపోకు వచ్చే కాస్త గుడ్డా ఎవరికి అందుతుందో ఆ డిపో గోడలకే తెలియాలి.

అంత గుడ్డ ఏసోబు పెట్టెలో ఉందని ఊరందరికీ తెలుసు. బాప్తిస్మం చొక్కాకని ఒకరు, పెళ్లిపిల్ల రవికకని ఒకరు వచ్చి అడిగారు. "అది నాది కాదు" అన్నదే అతని జవాబు. కిందటి వానాకాలం అతని తల్లి పున్నమ్మ పోయినప్పుడు ఎవరూ అడగలేదు, కన్నతల్లి గనక తానే తీస్తాడనుకున్నారు. ఏసోబు పెట్టె తెరవలేదు. వానలో బయట నిలబడిపోయాడు. లోపల హన్నమ్మ తన పెళ్లినాటి తెల్లచీర తీసి అత్తకు చుట్టింది. ఆ సంగతి మళ్లీ ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. తెరను ఆమె సవతి అని పిలవడం మాత్రం ఆ మర్నాటి నుంచే మొదలైంది.

మేకలు రాకుండా కర్ర పట్టుకుని హన్నమ్మ కాపలా కూర్చుంది. ఏసోబు సద్ది తాగి సున్నపు బట్టీకి బయల్దేరాడు.

దారి మాచర్ల రోడ్డు పక్కన ఖాళీ పొలం మీదుగా పోతుంది. ఇప్పుడక్కడ జిల్లేళ్లు మొలిచాయి. మూడేళ్ల కిందటి వరకు అదే శ్రీమన్నారాయణగారి టూరింగ్ టాకీసు. తెరకు ముందువైపు డేరా, బెంచీలు, నేల టిక్కెట్టు. వెనకవైపు అంతా బండ్లు. చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లాజెల్లాతో బండ్లు కట్టుకు వచ్చి, ఎద్దులను విప్పి మేత వేసి, బండ్లోనే వరిగడ్డి మీద కూర్చుని చూసేవాళ్లు. ముందు వచ్చిన బండి ముందు. ఏ పేట బండి అని అడిగే తీరిక ఎవరికీ చిక్కకముందే చీకటి పడేది.

బొమ్మ ముందువైపు నుంచి పడేది. అది గుడ్డలోంచి దూరి బండ్లవైపు కనబడాలంటే తెర తడిగా ఉండాలి. ఆ తడి ఏసోబు. అవతలి బావి నుంచి కావడితో నీళ్లు తెచ్చేవాడు. తెర అంచున నిచ్చెనెక్కి ఇత్తడి పిచికారితో కొట్టేవాడు. ఎండాకాలం రీలు నడుస్తుండగానే గుడ్డ ఆరిపోయేది. బొమ్మ మసకబారగానే బండ్లన్నీ ఒక్క గొంతుతో "తెరాయనా, నీళ్లు!" అని కేకేసేవి. ఒరేయ్ అని తప్ప పిలవని నోళ్లు ఆయన అని పిలిచిన చోటు అతని బతుకులో అదొక్కటే. పేటవాడు తెర ముట్టుకుంటే దాని మీద దేవుళ్లు పడేదెలాగని ఒక పెద్దమనిషి ఒకసారి పేచీ పెట్టాడు. అయితే పొడి తెరే చూసుకోండని శ్రీమన్నారాయణగారు ఏసోబును నిచ్చెన దింపేశారు. రెండో రీలుకల్లా ఆ పెద్దమనిషే బండి దిగొచ్చి, ఎక్కమని బతిమాలాడు.

వెనకనుంచి చూస్తే అంతా తిరగబడి ఉంటుంది గదా. బండ్లవైపు రాజులందరూ ఎడమచేత్తో కత్తి దూసేవాళ్లు, ఎడమచేత్తోనే అక్షింతలు వేసేవాళ్లు. గురజాల వైపు రైతు ఒకాయన బండ్లోంచి చూసిన బొమ్మనే, మర్నాడు అల్లుడు డేరాలో కూర్చోబెడితే మళ్లీ చూసి, ఇది నిన్నటి ఆట కాదు, వీడెవడో కుడిచేతివాటం మనిషని గేటు దగ్గర పెద్ద గొడవ చేశాడు. ఎవరు చెప్పినా వినలేదు. నిన్నటివాడే బాగా చేశాడని తేల్చి మళ్లీ బండ్లవైపే పోయాడు.

ఇంత జరిగినా ఏసోబు ఒక్క బొమ్మ కూడా పూర్తిగా చూడలేదు. తెర అంచున నిలబడ్డవాడికి ఇటు బొమ్మా కనబడదు, అటు బొమ్మా కనబడదు. ముక్కు ముందు తడి దారాలు, వాటి మీద వెలుగు పరుగెత్తడం, అంతే. దిగితే బావి దగ్గర. టాకీసు మళ్లీ తెరిస్తే ఒక్క ఆట, మొదటి నుంచి శుభం దాకా, హన్నమ్మ పక్కన బండ్లో కూర్చుని చూడాలని అతని కోరిక. మూడేళ్లుగా ఆ కోరికను అతను తెరతోపాటే మడతపెట్టి దాస్తున్నాడు.

యుద్ధంలో, బొమ్మ వేసే మిషనుకు కరెంటిచ్చే ఇంజనుకు ఆయిలు దొరక్క ఆట ఆగింది. శ్రీమన్నారాయణగారు మిషను బండికెత్తించుకుని గుంటూరు వెళ్లిపోతూ, తెరను ఏసోబుకు, బరువైన ఇంజనును దాని డ్రైవరు అబ్దుల్ హమీదుకు అప్పగించారు. గుడ్డకు చిల్లు పడకూడదు, ఇంజనుకు తుప్పు పట్టకూడదు, నేను వస్తాను అన్నారు. మళ్లీ కబురు లేదు. ఊరు నవ్వడం కూడా మానేసింది. వీళ్లిద్దరు మాత్రం ఇచ్చిన మాట పట్టుకుని కూర్చున్నారు.

బట్టీలో ఏసోబు పని కూడా నీళ్లదే. కాలిన రాళ్ల మీద నీళ్లు చల్లితే అవి బుసలు కొట్టి, పగిలి, పొడవుతాయి. ఆవిరి కళ్లను మండిస్తుంది. మేస్త్రీ పొగాకు నములుతూ వచ్చి, నరసరావుపేటలో సినిమాకు రాతి హాలు లేస్తోందని, అక్కడ గోడే తెరట, నీళ్లు కొట్టే పనే లేదట అని చెప్పాడు. ఇంకా ఆ పాతగుడ్డ ఎందుకు దాస్తావని ఎగతాళి చేశాడు.

"మరి బండ్లోళ్లు యాడ కూకుంటారు?" అన్నాడు ఏసోబు.

మేస్త్రీకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఏసోబు తర్వాతి కుండ ఎత్తుకున్నాడు.

కట్టెల బండ్లు రాక మధ్యాహ్నానికే పని ఆగింది. ఏసోబు తిన్నగా ఇంజను షెడ్డుకు నడిచాడు. హమీదు కాపురం దాని పక్కనే. ఎండాకాలం నుంచి దగ్గు అతణ్ని పీల్చేసింది. బుగ్గలు లోపలికి పోయాయి, చేతులు మాత్రం ఇంకా ఇంజను డ్రైవరు చేతులే. శుక్రవారం శుక్రవారం ఇంజను చక్రం తిప్పకపోతే లోపల బిగుసుకుపోతుందని అతని పట్టు. తనకు సత్తువ లేనప్పటి నుంచి ఏసోబు తిప్పుతాడు. హమీదు షెడ్డులో మంచం వేయించుకుని, కళ్లు మూసుకుని చప్పుడు వింటాడు. లోపల నూనె అంతటా పాకిందని చెవికి తెలిశాక "చాలు" అంటాడు. అప్పటిదాకా ఆపకూడదు.

హమీదు భార్య ముంతాజ్ గంజి కాచడానికి ఇంట్లోకి వెళ్లింది. హమీదు పొడుగుముక్కు బుడ్డితో ఆముదం ఎక్కడెక్కడ పోయాలో వేలితో చూపించాడు. ఏసోబు పోశాడు.

"తమ్ముడూ, మొదటాట నాడు బండ్లో కూకుంటావా, నిచ్చెనెక్కుతావా?"

"కూకుంటా, హన్నమ్మ పక్కన."

"మరి నీళ్లెవరు కొడతారు?"

"నువ్వు కొట్టన్నా. ఇంజను దాని పాటికది తిరుగుద్ది."

హమీదు నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయి, చాలాసేపటికి సర్దుకుంది. చక్రం వైపు చెయ్యి ఊపి, "తిప్పు" అన్నాడు.

ఏసోబు మంచానికి వీపు పెట్టి చక్రం పట్టుకున్నాడు. మొదటి చుట్టు బరువుగా, మొండిగా కదిలింది. తర్వాత ఇనుము మెత్తబడింది. ఎప్పుడూ ఈపాటికి చాలు అనేవాడు. ఇవాళ అనలేదు. ఇంకా నూనె పాకలేదేమోననుకుని తిప్పాడు. చొక్కా లేని వీపు మీద చెమట కారింది. భుజం లాగింది. అయినా ఆపకూడదు గనక ఆపలేదు. గంజి గిన్నెతో లోపలికి వచ్చిన ముంతాజ్ గిన్నె కింద పెట్టి, హమీదు ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది.

"ఇంక ఆపయ్యా" అంది చివరికి.

మసీదు పెద్ద అలీ సాహెబు, నలుగురు మగవాళ్లు వచ్చారు. పొద్దు గుంకేలోగా మట్టి చేయాలి. శవానికి చుట్టే కఫనుకు గుడ్డ లేదు. డిపోలో నెల నుంచి సరుకు లేదు. ఒకాయన తలపాగా విప్పి ఇచ్చాడు, ఇంకొకాయన పాత పంచె తెచ్చాడు. అన్నీ కలిపినా మనిషికి చాలలేదు. ఏసోబు వాటి వంక చూసి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి నడిచాడు. అతని గుండెలో దుఃఖం ఉంది, దానికంటే ఎక్కువగా సిగ్గు ఉంది.

తెర ఎండలో తళతళలాడుతోంది. హమీదన్న పోయాడని చెప్పి, చేతులు కుంకుడుతో కడుక్కుని, చాకుతో నడిమి రెండు పట్టెల కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. హన్నమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"అంచుది తీయరాదా? బొమ్మ పడేది ఈడే గదయ్యా."

"అంచులన్నీ అతుకులే. హమీదన్నకు అతుకుల గుడ్డ కప్పమంటావా?" కుట్లు తెంపుతూనే అన్నాడు. "అమ్మకి నీ చీర ఇచ్చావు. నేను బయట నిలబడ్డా. ఇంకోసారి నిలబడటం నా వల్ల కాదే."

హన్నమ్మ చెయ్యి వదిలి, గుడ్డ నేలకు తగలకుండా రెండో కొస పట్టుకుంది.

అలీ సాహెబు ఆ గుడ్డను వేళ్లతో తడిమి చూశాడు. తెల్లగా, శుభ్రంగా ఉందన్నాడు. కాని దీని మీద ఆటలు, పాటలు, ఆడవాళ్లు, దేవుళ్లు ఎందరెందరో పడ్డారు గదా అని తటపటాయించాడు. తప్పుపట్టడానికి కాదు, నిజంగానే సందేహం.

"పడ్డారు గానీ ఎవరూ నిలవలేదు సాయిబుగారూ" అన్నాడు ఏసోబు. "దీపం తీస్తే తెల్లగుడ్డే."

అలీ సాహెబు తలూపి గుడ్డ అందుకున్నాడు. నీరెండలో హమీదును మోసిన జనాజా జిల్లేళ్ల పొలం మీదుగా వెళ్లింది. బండ్లు నిలిచే చోట కాసేపు ఏసోబు కూడా భుజం పట్టాడు. దిగిన భుజమే ఇచ్చాడు. అందరితోపాటు మూడు గుప్పిళ్లు మట్టి వేశాడు. తిరిగొచ్చేటప్పుడు ముంతాజ్ నూనె బుడ్డి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చేసరికి హన్నమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. చేతిలో సూదీ దారం. మిగిలిన రెండు ముక్కలూ ఒడిలో ఉన్నాయి. నడుమ పోయింది గనక ఇక ఆ గుడ్డను దాచి లాభం లేదని ఏసోబు దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. చీరకు సరిపోద్ది, తీసుకో అన్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఆమెకు ఒకటి ఇస్తున్నాననుకున్నాడు.

హన్నమ్మ తలెత్తలేదు. దారం పంటితో తెంపింది.

"అత్తకియ్యకుండా దాచింది నేను కట్టుకుని తిరగటానికా? రేపు టాకీసాయనొస్తే బొమ్మ యాడ పడుద్ది? ఆ కొస గట్టిగా పట్టుకో."

ఏసోబు కొస పట్టుకున్నాడు. తెర చిన్నదైంది, నడిమధ్యన నిలువుగా ఒక కుట్టు పడబోతోంది. బొమ్మలో ఎవరి మొహం వచ్చినా ఆ కుట్టు దాటి రావాల్సిందే.

"చిన్నగా పడుద్ది" అన్నాడు.

"పడనీ."

వచ్చే శుక్రవారం చక్రం తనే తిప్పాలి, ఎప్పుడు ఆపాలో కూడా తనే వినాలి. హన్నమ్మ కుడుతోంది, అతను గుడ్డ బిగించి పట్టుకున్నాడు. పక్కన రేకు పెట్టె మూత మీద హమీదు నూనె బుడ్డి ఉంది. దాని పొడుగు ముక్కు కొసన ఒక ఆముదం చుక్క, కిందికి జారకుండా నిలిచి ఉంది.